కొత్త టైర్లకు ఊగిన లారీ

నేను టైర్లు అమ్మలేదు. ఈ మాట ముందే చెప్పడం మంచిది. హిందూపురంలో ఇప్పటికీ ఎదురైనవాళ్ళు నన్ను ఆపి, మోటారు సైకిలుకు ఏ టైరు మంచిదని అడుగుతుంటారు. నా పని టైరు అమ్ముడుపోయాక మొదలయ్యేది. కొన్న మనిషి కోపంతో ఫోను చేస్తే, ఆ టైరులో లోపం ఉందో లేదో తేల్చడానికి కంపెనీ పంపే మనిషిని నేను. పాలిటెక్నిక్‌లో డిప్లొమా చదివి ఈ ఉద్యోగంలో చేరాను. హిందూపురం, పెనుకొండ, ధర్మవరం చుట్టూ తిరిగి తిరిగి ఈమధ్యే రిటైరయ్యాను.

ఈ పనిలోకి కొత్తగా వచ్చిన పిల్లలు అప్పుడప్పుడు మా ఇంటికి వస్తారు. ట్రైనింగులో వాళ్ళకు రబ్బరు గురించి, లోపలి తీగల గురించి బాగానే నేర్పుతున్నారు. టైరు చుట్టూ నిలబడే మనుషుల గురించి మాత్రం ఎవరూ ఏమీ చెప్పినట్టు లేదు. అందుకని వాళ్ళు వచ్చినప్పుడల్లా నేను చౌడప్ప లారీ సంగతి చెబుతాను. అందులో నాకు తెలిసినదంతా ఉంది. వాళ్ళు నవ్వుతారు. నవ్వితే గుర్తుంటుందని నేనూ ఊరుకుంటాను.

పెనుకొండలో ఊదుడు

చౌడప్పది ధర్మవరంలో పట్టుచీరలు నేసే కుటుంబం. ఇంట్లో మగ్గాలు ఆడుతుండగానే ఆయనకు లారీ మీద మనసు పోయింది. ఒక ఆరు చక్రాల బండి కొన్నాడు. దాన్ని నడిపేవాడు రామాంజి, పెనుకొండ మనిషి. మిరపకాయలు, చింతపండు హిందూపురం మార్కెట్టుకు తోలడం ఆ లారీ పని. పాత టైర్లు అరిగిపోయాయని చౌడప్ప ఆరింటికి ఆరూ మా కంపెనీవి కొత్తవి వేయించాడు. ఆ మర్నాటినుంచి లారీ ఊగడం మొదలైంది.

స్టీరింగు తిన్నగా పట్టుకున్నా బండి ఎడమకు జారేది. కుడికి తిప్పితే వెంటనే వినేది కాదు, విన్నాక మరీ ఎక్కువగా వినేది. దాన్ని సరిచేయడానికి డ్రైవరు మళ్ళీ ఎడమకు తిప్పాలి. వెనక వచ్చేవాళ్ళకు అది రోడ్డు మీద ముగ్గు వేస్తున్నట్టు కనబడేది. ఎవరో కారులోంచి వీడియో తీసి, "తాగిన లారీ" అని పేరు పెట్టి వాట్సాప్‌లో వదిలారు. ధర్మవరమూ చూసింది, పెనుకొండా చూసింది.

పెనుకొండ దగ్గర హైవే మీద తనిఖీ చేస్తున్న ఎస్సై ఒకాయన లారీని ఆపి రామాంజితో మిషన్లో ఊదించాడు. సున్నా వచ్చింది. రావాల్సిందీ అదే. రామాంజి జన్మలో మందు ముట్టలేదు. పెళ్ళిలో ఎవరైనా సోడా ఇచ్చినా వాసన చూసి తాగే రకం. ఎస్సై మళ్ళీ ఊదించాడు. మళ్ళీ సున్నా. మిషను చెడిందేమోనని తానే ఊదుకున్నాడు. సున్నా. అప్పటికీ అనుమానం తీరక, పక్కన ఢాబాలో కూర్చున్న ఒక పెద్దమనిషిని పిలిపించి ఊదమన్నాడు. మిషను కుయ్యోమంది. నడిచిపోయేవాడి మీద కేసు ఉండదు కదా అని ఆ పెద్దమనిషి అడిగి తెలుసుకుని, నింపాదిగా వెళ్ళి తన చోట కూర్చున్నాడు.

మిషను బాగున్నట్టు తేలింది. ఇక మిగిలింది మనిషి. రోడ్డు పక్క తెల్లగీత మీద నడవమంటే రామాంజి గీత తప్పకుండా నడిచి చూపించాడు. ఎస్సై చాలాసేపు లారీ వైపు చూశాడు.

"నువ్వు బాగానే ఉండావప్పా. తాగింది లారీ మాదిరి ఉండాది," అని పంపించేశాడు.

రామాంజి ఇదంతా నాకు చెప్పేటప్పుడు నవ్వలేదు. "మిషను నమ్మింది సార్. ఊరే నమ్మల్యాదు," అన్నాడు.

గాలి చూడటానికి అనుమతి

నేను ధర్మవరం వెళ్ళేసరికి లారీ చౌడప్ప ఇంటి ముందు ఉంది. బంపరుకు నిమ్మకాయలు, ఎండు మిరపకాయలు, ఒక రాక్షసి బొమ్మ, ఒక రాగిరేకు వేలాడుతున్నాయి. ఆరు చక్రాలకూ పసుపు రాసి కుంకుమ పెట్టారు. టైరు ఫిర్యాదు ఏదైనా సరే, మొదట గాలి చూడాలి. గాలి చూడాలంటే, టైరులోకి గాలి కొట్టే గాలిసూది మీద ఉన్న కుంకుమ తుడవాలి. చౌడప్ప ఒప్పుకోలేదు. పూజ చేసిన అయ్యోరు వచ్చి చెబితే తప్ప ఆ కుంకుమ కదలడానికి వీల్లేదన్నాడు. అయ్యోరి కోసం మనిషిని పంపారు. ఆయన వచ్చి, చక్రాల చుట్టూ ఒకసారి తిరిగి, గాలి పోయే దారికి దోషం లేదని తీర్పు చెప్పాక నేను గేజి పెట్టాను.

ఆరు టైర్లలో ఆరు రకాల గాలి ఉంది. సరిచేశాను. నట్లన్నీ బిగింపు చూశాను. బండి కొంచెం కుదుటపడింది కానీ ఊగడం పోలేదు.

రెండో పని, ముందు టైర్లు రెండింటినీ ఒకదాని చోట ఇంకొకటి వేయడం. కొత్త పిల్లలు దీన్ని బాగా గుర్తుపెట్టుకోవాలి. బండి ఎడమకు లాగుతోందనుకోండి. టైర్లు మార్చి వేశాక కుడికి లాగితే లోపం టైరుది. మార్చినా ఎడమకే లాగితే లోపం బండిది. మేము మార్చి వేశాం. ఎడమకే లాగింది.

ఈ సంగతి చౌడప్పకు వివరంగా చెప్పాను. ఆయన శ్రద్ధగా విని, "సరే సార్. మరి పాత టైర్లకు యాల ఊగల్యా?" అన్నాడు.

పాత టైర్లకు ఎందుకు ఊగలేదన్నది చాలా మంచి ప్రశ్న. దానికి జవాబు చెప్పాలంటే ఆ పాత టైర్లు చూడాలి. ముందు వేసినవి రెండూ బంధువులకు ఇచ్చేశానని, వెనకవి నాలుగూ అరిగిన టైర్లకు కొత్త రబ్బరు అతికే రీట్రేడింగ్ వాళ్ళు పట్టుకుపోయారని చెప్పాడు. బండి ఎక్కడైనా దేన్నయినా గుద్దుకుందా అని అడిగాను. తన లారీకి గీత కూడా పడలేదని చౌడప్పే చెప్పాడు. రామాంజి నేల చూస్తూ నిలబడ్డాడు.

యజమాని పక్కనుండగా డ్రైవర్ని ఏమి అడిగినా మీకు దొరికేది యజమాని జవాబే. డ్రైవర్ని టీకి తీసుకుపోయి విడిగా అడగాలి. ఆ రోజు అంత తీరిక దొరకలేదు. ఇంతలోనే మా ఏరియా మేనేజరు వస్తున్నట్టు ఫోను వచ్చింది.

కొత్త చెప్పుల సిద్ధాంతం

మా మేనేజరు మూర్తి సార్ బెంగళూరునుంచి కారులో దిగారు. తెల్లచొక్కా, గొంతులో కిచకిచ, చేతిలో దగ్గు మందు సీసా. ఆయన చెడ్డ మనిషి కాదు. తనకు పనికొచ్చే మాటను వెంటనే నమ్మేయడం ఒక్కటే ఆయన జబ్బు. మా ఉద్యోగంలో చాలామందికి ఉండే జబ్బే అది.

లారీ చుట్టూ తిరక్కుండానే ఆయన సంగతి తేల్చేశారు. కొత్త చెప్పులు కాలిని కరుస్తాయి, నడిచేకొద్దీ అలవాటవుతాయి. కొత్త టైరూ అంతే. దాని పళ్ళు లోతుగా, మెత్తగా ఉంటాయి కాబట్టి కొన్నాళ్ళు బండి ఒళ్ళు విరుచుకుంటుంది. తోలుతూ ఉంటే సర్దుకుంటుంది. ఇందులో సగం నిజముంది. కొత్త టైర్లు మొదట కాస్త వదులుగా అనిపించడం మామూలే. కానీ అలా వదులుగా ఉండే బండి రెండు పక్కలా ఊగుతుంది, ఒకే పక్కకు లాగదు. నేను ఆ మాట అన్నాను. ఆయన నన్ను లారీ ఎక్కమన్నారు. తానూ ఎక్కారు. పెనుకొండ దాకా పోయి వస్తే టైర్లు దారిలోకి వస్తాయని చౌడప్పకు మాటిచ్చారు.

రామాంజి నడుపుతున్నాడు, నేను మధ్యలో, మూర్తి సార్ తలుపు పక్కన. ఊరు దాటగానే లారీ తన పని మొదలుపెట్టింది. ఎదురుగా వచ్చే బస్సులు దూరంనుంచే రోడ్డు దిగి నిలబడ్డాయి. మోటారు సైకిలు మీద ఒకతను మా పక్కకు వచ్చి, డ్రైవర్ని దించి నిమ్మరసం తాగించమని సలహా ఇచ్చి వెళ్ళాడు. మేకలు తోలుకుపోతున్న ఒకామె మేకల్నీ, తననూ చేనులోకి తీసుకుపోయి, మేము దాటిపోయేదాకా దణ్ణం పెట్టింది. మూర్తి సార్ ఒక చేత్తో కిటికీ, ఒక చేత్తో నా భుజం పట్టుకున్నారు. లారీ జారినప్పుడల్లా అలవాటు పడుతోందని అన్నారు. ఆయన గొంతు ఎండిపోయినప్పుడల్లా సీసా ఎత్తి ఒక గుటక వేశారు.

పెనుకొండ దగ్గర అదే ఎస్సై ఆపాడు. రామాంజి అడగకముందే దిగి ఊదాడు. సున్నా. ఆయన నన్ను కూడా ఊదమన్నాడు. ముగ్గుర్లో ఒకరైనా తాగి ఉండాలనే పట్టుదల ఆయన ముఖంలో కనిపించింది. నాదీ సున్నా. తాను కంపెనీ ఆఫీసర్నని చెబుతూనే మూర్తి సార్ ఊదారు. మిషను ఢాబా పెద్దమనిషికి అరిచినంతసేపూ అరిచింది.

దగ్గు మందులో కొంత ఆల్కహాలూ ఉంటుందని, దారంతా ఆయన సీసాలో సగం తాగేశారని నేను ఎస్సైకి వివరించాల్సి వచ్చింది. సీసా చూపించాక ఆయన నమ్మాడు. నడిపేది ఈయన కాదు కాబట్టి కేసు లేదని, అయితే ఈ వయసులో ఆరోగ్యం చూసుకోవాలని మెత్తగా చెప్పి పంపాడు. చుట్టూ చేరినవాళ్ళలో ఒకరు దీన్ని కూడా వీడియో తీశారు.

మూర్తి సార్ తిరుగు ప్రయాణానికి లారీ ఎక్కలేదు. తన కారును పెనుకొండకే రప్పించుకున్నారు. కారు ఎక్కేముందు నాతో, టైర్లలో లోపం లేదు, లోపం డ్రైవింగులో ఉంది, అలాగే రిపోర్టు రాయి అన్నారు. రామాంజి పక్కనే ఉన్నాడు. డ్రైవింగులో లోపం లేదని కాసేపటి క్రితమే పోలీసు మిషను చెప్పింది కదా అన్నాను. ఆయన కారు తలుపు వేసుకున్నారు. నేను ఆ రిపోర్టు రాయలేదు. కానీ ఆయన ఫోను చేసి చౌడప్పకు అదే మాట చెప్పేశారు. సాయంత్రానికి చౌడప్ప రామాంజి చేతిలోంచి లారీ బీగం చెవులు తీసుకున్నాడు.

ఈ ఉద్యోగంలో ఎవరి మీదో ఒకరి మీద లోపం పెట్టి తిరిగి రావడం చాలా తేలిక. బండికి నోరు లేదు, డ్రైవరుకు ఉన్నా ఎవరూ వినరు. మీరు పోయిన చోట అందరూ కలిసి ఒకే మనిషి వైపు చూస్తున్నారంటే, ముందు ఆ మనిషిని పక్కన పెట్టి మిగతా అన్నీ చూడండి.

తలుపుల, అమరాపురం

చౌడప్ప ఇంకో డ్రైవర్ని పెట్టాడు. అతను లారీని ఊరి చివరిదాకా తీసుకుపోయి, రోడ్డు పక్కన ఆపి, బీగాలు దానికే వదిలేసి బస్సెక్కి వాళ్ళ ఊరికి వెళ్ళిపోయాడు. దాంతో లోపం రామాంజిది కాదని చౌడప్పకు తెలిసిపోయి ఉండాలి. తెలిసింది కూడా. కానీ ఆయన దాన్నుంచి తీసిన అర్థం వేరు. కొత్త టైర్లకు ఏదో పట్టింది, పాత టైర్లే మళ్ళీ వేయాలన్నాడు. నాకు కావాల్సిందీ ఆ పాత టైర్లే కాబట్టి నేనూ ఆయన వెంట బయల్దేరాను. కారణాలు వేరైనా దారి ఒకటే అయింది.

ముందు టైర్లలో ఒకటి తలుపుల అనే ఊళ్ళో ఉంది. చౌడప్ప పిన్ని కొడుకు దాన్ని మేకల కొట్టం రేకుల మీద, గాలికి లేచిపోకుండా బరువు పెట్టాడు. అందులో ఒక కోడి పొదిగి కూర్చుంది. పిల్లలు లేచేదాకా టైరు కదలదని ఇంటావిడ ఖరాఖండిగా చెప్పింది. చౌడప్ప బతిమాలాడు. చివరికి కోడినీ గుడ్లనూ గడ్డితో సహా ఒక గంపలోకి మార్చి, ఆ గంపను అదే చోట పెట్టి, గాలికి రేకు లేవకుండా రెండు బండరాళ్ళు ఎత్తాం. ఈ ఏర్పాటు ఇంటావిడకు నచ్చింది. కోడికి నచ్చలేదు. చౌడప్ప మణికట్టు మీద అది తన అభిప్రాయం చెప్పింది.

రెండోది జిల్లాకు ఇంకో కొనన ఉన్న అమరాపురంలో. అక్కడ రంగప్ప అనే దూరపు బంధువు దాన్ని ఇంటి ముందు పడుకోబెట్టి, పైన నవారు అల్లించాడు. వాళ్ళత్త దాని మీద కూర్చుని కన్నడంలో ఒకరితో, తెలుగులో ఇంకొకరితో మాట్లాడుతూ ఉంది. చౌడప్ప డబ్బిస్తానన్నాడు. రంగప్ప ఒప్పుకోలేదు.

"దుడ్లు తీస్కోని ఏం జేసేదప్పా? మా అత్త దుడ్ల మీద కూకుంటాదా?"

అప్పుడు చౌడప్ప చేసిన పని నేను నా సర్వీసులో ఎక్కడా చూడలేదు. మేము వెళ్ళిన ట్రాలీ ఆటోలో ఒక కొత్త టైరు ఉంది. ముందు చక్రంనుంచి విప్పి, అది కనిపిస్తే చాలు కీడనుకుని ఇంట్లో ఉంచకుండా వెంట తెచ్చాడు. దాన్ని దించి రంగప్పకు ఇచ్చేశాడు. రంగప్ప నవారు విప్పి కొత్తదానికి చుట్టాడు. అత్త దాని మీద కూర్చుని చూసి, ఇది పాతదానికంటే ఎత్తుగా ఉంది, మోకాళ్ళకు సుఖంగా ఉందని చెప్పింది. రబ్బరు వాసన కూడా పోని టైరు అది. ఆ నష్టం గురించి నేను చెప్పబోతే చౌడప్ప, పీడ వదిలిందని ఊపిరి పీల్చుకున్నాడు. అత్తకు ఏమీ కాదు కదా అని కాసేపటికి తనే అడిగాడు. కాదని చెప్పాను.

పట్టు దారం

పాత టైర్లు రెండూ ముందు చక్రాలకు వేయించి, చౌడప్ప ఊళ్ళో ఉన్న ఇంకో డ్రైవరుతో లారీని నాలుగు వీధులు తిప్పించాడు. నున్నగా అరిగిపోయిన ఆ టైర్ల మీద లారీ గీత గీసినట్టు పోయింది.

వీధిలో జనం పోగయ్యారు. గుమ్మడికాయ కొట్టారు. ఇంతకాలం టైర్ల వ్యాపారం చేసిన మా కంపెనీ మొత్తం అబద్ధమన్నట్టు అందరూ నావైపు చూశారు. మీరు ఈ ఉద్యోగంలో ఉంటే ఇలాంటి రోజు ఒకటి వస్తుంది. కంటికి కనిపించేది మీకు తెలిసినదానికి ఎదురుగా నిలబడుతుంది. అప్పుడు వాదించకూడదు. కింద పడుకోవాలి.

లారీ కింద పడుకుని ఆ పాత టైర్లను చేత్తో తడిమాను. రెండింటికీ ఒక అంచు చెక్కినట్టు అరిగిపోయి ఉంది, ఇంకో అంచు కొంచెం నిండుగా ఉంది. సంగతి అప్పుడు అర్థమైంది. ముందు ఇరుసు వంకరగా కూర్చుంది. ఆ వంకరతో తిరిగీ తిరిగీ టైర్లు కూడా వంకరగా అరిగాయి. వంకర బండికి వంకర టైర్లు సరిపోయి లారీ తిన్నగా పోతోంది. తిన్నని కొత్త టైర్లు వేసేసరికి బండి వంకర బయటపడింది.

మాటలతో చెబితే చౌడప్ప నమ్మడు. కంటికి చూపించాలి. సాగని గట్టి దారం కావాలన్నాను. నేతగాళ్ళ ఇంట్లో దారానికి కరువా? ఆయన లోపలికి పోయి పడుగుకు వాడే పట్టు దారం పేటలు కలిపి తెచ్చాడు. ఎడమ పక్క ముందు చక్రం నడిమధ్యనుంచి వెనక చక్రం నడిమధ్యకు లాగి పట్టుకున్నాం. అంతే దారాన్ని కుడి పక్కకు తీసుకుపోయి పట్టాం. రెండు వేళ్ళ మందం చాలలేదు. అంటే ఎడమ చక్రం అంత మేర వెనక్కి జరిగిపోయింది. చౌడప్ప తానే మూడుసార్లు పట్టి చూశాడు. దారానికి కూడా ఏమైనా పట్టిందా అన్నట్టు దాన్ని వెలుతురులో పెట్టి చూశాడు.

అప్పుడు మళ్ళీ కిందికి దూరి, ఎడమ కమాన్ కట్ట, అంటే కుదుపులు ఓర్చే ఉక్కు పట్టీల కట్ట దగ్గర మట్టి గీకి చూశాను. కమాన్ పట్టీల్నీ ఇరుసునూ కలిపి పట్టుకునే మధ్య బోల్టు తెగిపోయి ఉంది. పక్క బిగింపుల బలంతోనే ఇరుసు నిలిచి ఉంది. మెల్లగా బండి కిందినుంచి బయటికి జరిగాను. ఈ బండి మీదనే మేము ముగ్గురం పెనుకొండ దాకా పోయాం. రామాంజి ఎన్నాళ్ళనుంచో లోడుతో తిరుగుతున్నాడు. ఆ బిగింపులు వదిలితే చక్రం ఎటు పోతుందో ఎవరికీ తెలియదు.

అంత లావు బోల్టు ఊరికే తెగదు, ఏదో గట్టిగా తగిలి ఉండాలని అన్నాను. చౌడప్ప తన లారీకి గీత కూడా పడలేదని మళ్ళీ మొదలుపెట్టాడు. ఇంతలో ఆయన తల్లి ఓబుళమ్మవ్వ గడపలోకి వచ్చింది. పట్టు దారానికి గ్రీసు అంటించారని గొడవ పెట్టుకోవడానికి వచ్చింది. దారం సంగతి అయిపోయాక, నేను అడుగుతున్నదేమిటో తెలుసుకుని, ఇంటి అరుగు వైపు చెయ్యి చూపించింది.

"ఏమి తగిలిందంటాడేమి సార్ వీడు? డ్రైవింగు నేర్చుకుంటానని అరుగు గుద్దినాడు గదా. అరుగుకు సిమెంటు ఏపిచ్చినాడు. లారీకి ఏపిచ్చల్యాదు."

చౌడప్ప అరుగు మీద కూర్చుండిపోయాడు. అరుగు మూలన సిమెంటు కొత్తగా, మిగతా రాయికంటే తెల్లగా ఉంది. ఆ మూలను అరచేత్తో కప్పి అసలు సంగతి చెప్పాడు. ఒకరోజు రామాంజి తిండికి పోయినప్పుడు సరదాగా స్టీరింగు పట్టాడట. వెనక్కి పోతుందనుకున్న బండి ముందుకు పోయిందట. ఆ తర్వాత కొన్నాళ్ళు బండి లాగిందనీ, తర్వాత దానంతట అదే సర్దుకుందనీ చెప్పాడు. సర్దుకున్నది బండి కాదు, టైర్లు. అవి అరిగి అరిగి ఆ వంకరకు సర్దుకున్నాయి.

రామాంజికి ఈ విషయం తెలుసా అని అడిగాను. తెలుసన్నాడు. పడిపోయిన రాళ్ళు మళ్ళీ పేర్చింది అతనే. వీధిలో నవ్వుతారు, ఎవరికీ చెప్పొద్దని చౌడప్ప అతని దగ్గర మాట తీసుకున్నాడు.

నాలుగు రకాల లారీ

హిందూపురంనుంచి కమాన్ కట్టలు చేసే మేస్త్రీని పిలిపించాం. ఆయన కొత్త బోల్టు వేసి, ఇరుసును దాని చోటికి జరిపి బిగించాడు. అప్పుడు నేను పట్టుబట్టి అవే పాత టైర్లతో లారీని ఒకసారి తిప్పించాను. తిన్నని బండికి వంకర టైర్లు. లారీ ఈసారి కుడికి ఊగింది. వీధిలో జనం గుమ్మడికాయ కొట్టినందుకు నొచ్చుకున్నారు. ఇప్పుడు పాత టైర్లకు పట్టిందా అని ఒకాయన సీరియస్‌గా అడిగాడు. కొత్తవి వేయించాక లారీ తిన్నగా పోయింది. చౌడప్ప వేళ్ళు మడిచి లెక్క పెట్టుకున్నాడు. వంకర బండికి పాతవి తిన్నగా, కొత్తవి వంకరగా. తిన్నని బండికి కొత్తవి తిన్నగా, పాతవి వంకరగా. ఇంత చిన్న సంగతికి నిమ్మకాయలెన్ని కట్టానో అని నిట్టూర్చాడు.

ఆ కొత్తవి వేయించేముందు చూస్తే వాటిలో ఒకటి తక్కువైంది. అమరాపురానికి ఫోను చేస్తే, అత్త దాని మీదినుంచి లేవనంటోందని రంగప్ప చెప్పాడు. చౌడప్ప ఇంకో టైరు కొన్నాడు.

మూర్తి సార్‌కు ఫోనులో అంతా చెప్పాను. తెగిన బోల్టు ఫోటో పంపాను. ఆయన టైరులో లోపం లేదన్న మాట మాత్రం తాను ముందే చెప్పానని గుర్తుచేశారు. నిజమే, చెప్పారు. డ్రైవింగులో లోపం అన్న మాట గురించి నేను అడిగితే, అది వెనక్కి తీసుకున్నానని చౌడప్పకు నన్నే చెప్పమన్నారు. అది మీరే చెప్పాలన్నాను. చెప్పారు. ఆ మాట చెప్పడం ఆయనకు ఎంత కష్టమైందో నాకు తెలుసు. అందుకని ఆయన మీద నాకున్న గౌరవం ఆ రోజు కొంచెం పెరిగింది.

రామాంజి ఇంట్లో

రామాంజిని తిరిగి పిలవాలి. మేస్త్రీ హిందూపురం పోవాలి కాబట్టి పెనుకొండ దాకా ఆయనే లారీ నడిపి, అక్కడ దిగి బస్సెక్కాడు. చౌడప్పకు లోపలికి రావడానికి ముఖం చెల్లలేదు. నన్ను ముందు పొమ్మన్నాడు.

రామాంజి అరుగు మీద కూర్చుని పల్లీకాయలు ఒలుస్తున్నాడు. తెల్ల పంచె కట్టుకుని మెడలో తులసి మాల వేసుకున్నాడు. తాగుడు మానాలనుకునేవాళ్ళు దీక్ష పట్టి వేసుకునే మాల అది. నేను మాల వైపు, అతని వైపు చూశాను. అతను ఇబ్బందిగా మెడ సవరించుకున్నాడు.

చౌడప్ప వాకిట్లోనే నిలబడి ఒక్క గుక్కలో చెప్పేశాడు. బోల్టు తెగిందని, తెంచింది తానేనని, అరుగు గుద్దిన సంగతి సార్‌కు కూడా చెప్పానని, మాట నుంచి రామాంజిని విడిపిస్తున్నానని అన్నాడు. నేను రామాంజిని అడిగాను, ఇంతమంది తాగుబోతన్నా అరుగు సంగతి ఎందుకు బయటపెట్టలేదని.

"దానికీ దీనికీ లంకె ఉండాదని నాకేం తెల్సు సార్? బండి సర్దుకునింది గదా అనుకుంటి. తెల్సినా గూడా చెప్తాంటినేమో నాకు తెల్దు. అన్నకు మాట ఇస్తిని గదా."

చౌడప్ప తల వంచుకుని, పక్కనే చాట పట్టుకుని కూర్చున్న రామాంజి భార్య లక్ష్మీదేవి వైపు తిరిగాడు. రామాంజి ఏ పాపమూ ఎరుగడని, మాల తీసేయమని చెప్పాడు. ఆమె చాటలోని పల్లీలు పక్కన పెట్టింది.

"ఆయప్ప తాగడని నాకు తెల్దా అన్నా? తాగనోడు తాగనోడంటే ఒకరన్నా నమ్మినారా? మాల ఏసినంక, పాపం మానేసినాడంట అని ఊరంతా నమ్మింది. ఉండనీ. దీక్ష అయ్యేదాకా ఉండనీ."

 ఆమె మాకు మజ్జిగ ఇచ్చింది. రామాంజి చొక్కా మార్చుకుని వచ్చాడు. పనిలోకి వస్తానన్నాడు, కానీ బీగాలు ఇకమీద తన దగ్గరే ఉంటాయని, బండి ఇంటి ముందు నిలిపినా సరే, తిండికి పోయినా సరే వాటిని వెంట తీసుకుపోతానని చెప్పాడు. గొంతు పెంచలేదు. చౌడప్ప జేబులోంచి బీగాలు తీసి అతని చేతిలో పెట్టాడు.

ముగ్గురం లారీ ఎక్కాం. కొండ పక్క మలుపులు దాటి తిన్నని రోడ్డు మీదికి వచ్చాక రామాంజి రెండు చేతులూ స్టీరింగు మీదినుంచి ఒక్క క్షణం తీశాడు. బండి ఎటూ పోలేదు. అతను మళ్ళీ పట్టుకున్నాడు. పక్క సీట్లో చౌడప్ప మాత్రం ధర్మవరం వచ్చేదాకా కుడికాలితో లేని బ్రేకు తొక్కుతూనే ఉన్నాడు.